మత్తయి 18వ అధ్యాయాన్ని సగం నుంచి చదవొద్దు



మన సంఘాల్లో ఒక అలవాటు ఉంది. తాగొచ్చిన భర్త చేతిలో దెబ్బలు తిన్న సహోదరి ఏడ్చుకుంటూ వస్తే, కాపరులమైన మేము బైబిలు తెరిచి, ఎన్నిసార్లయినా క్షమించాలమ్మా అని చెప్పి, ప్రార్థన చేసి ఇంటికి పంపిస్తాము. కొట్టినవాణ్ని మాత్రం పిలిపించము. వచ్చే ఆదివారం అతను ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టి పాడతాడు. దీనికి మనం క్షమాపణ అని పేరు పెట్టుకున్నాము. కాదు. ఇది గొడవ బయటికి పొక్కకుండా నొక్కేసే పంచాయతీ.

ఎవరినో వేలెత్తి చూపడం లేదు. మేమూ అలా చెప్పినవాళ్లమే. ఒక సహోదరిని అలాగే పంపించాము. మూడు వారాలకు చేతికి కట్టుతో వచ్చింది. "అయ్యగారూ, మీరు చెప్పినట్టే క్షమించానండీ" అంది. మా నోట మాట రాలేదు. తర్వాత ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని ఆ భర్త దగ్గరికి వెళ్లాము. ముందే వెళ్లాల్సింది.

ఆ రాత్రి మత్తయి 18వ అధ్యాయం మొదటి నుంచి చదివాము. చిన్నవారిని పడగొట్టేవాడి మెడకు తిరగలి రాయి అనే మాట 6వ వచనంలోనే ఉంది. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా, వినకపోతే సాక్షులతో, అప్పటికీ వినకపోతే సంఘం ముందుకు అని 15 నుంచి 17 వరకు ఉంది. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగింది 21వ వచనంలో. మేము నేరుగా అక్కడికి దూకుతున్నాము. గద్దింపు మానేసి క్షమాపణ ఒక్కటే బోధిస్తే, ఆ భారమంతా దెబ్బ తిన్నవారి నెత్తినే పడుతుంది.

"అయితే పగ పెట్టుకోమంటారా పాస్టర్ గారూ?" అంటారేమో. ముమ్మాటికీ కాదు. అదే అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం చూడండి. తోటి దాసుడు బాకీ ఉన్నది 100 దేనారాలు. దేనారమంటే ఒక రోజు కూలి. 100 రోజుల కూలి పోతే ఇంట్లో పరిస్థితి ఏమిటో ఉపాధి పనికి వెళ్లే మనవాళ్లకు తెలుసు. మీ గాయం చిన్నదని ప్రభువు అనలేదు. దేవుడు మనకు మాఫీ చేసినది అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదన్నాడు. పైగా ఆ రాజు మొదట చేసింది లెక్క చూడటం. లెక్క చూడకుండా మాఫీ ఎక్కడుంది?

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, వాహనంలో నిద్రపోతున్న గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను సజీవంగా కాల్చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని లోకం ముందు చెప్పింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి బారిపదలో కుష్ఠు రోగుల మధ్య సేవ కొనసాగించింది. అయినా కేసు ఆగలేదు. ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమాపణ ఆమె హృదయంలో జరిగింది, న్యాయం కోర్టులో జరిగింది. ఒకటి మరొకదానికి అడ్డు రాలేదు.

గాయపడిన బిడ్డలారా, క్షమించడమంటే ఏమీ జరగలేదనడం కాదు. పగ తీర్చుకునే హక్కును రోమా 12:19 ప్రకారం దేవుని చేతికి అప్పగించడం. అది ఒక్క రాత్రిలో అయ్యే పని కాకపోవచ్చు. ఏడ్చి, అడిగి, ప్రతిరోజూ అప్పగించండి. ప్రాణభయముంటే ఇల్లు విడిచి వెళ్లడం, పోలీసులకు చెప్పడం అవిశ్వాసం కాదు.

గాయపరచినవారలారా, జక్కయ్య నోటితో పశ్చాత్తాపపడి ఊరుకోలేదు, నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

సంఘ పెద్దలారా, వచ్చే బల్ల ఆదివారం లోపు మనం ఎవరి గడప తొక్కాలో మనకు తెలుసు. ముందు అక్కడికి వెళ్దాం.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.