ఎగురుటకు నియమములు – చూచుటకు?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలగు పేటలు జలమగ్నములైనపుడు, మేడలపై చిక్కుకొన్న కుటుంబములకు ఆహారపు పొట్లములను, మంచినీటిని, మందులను డ్రోనులు మోసికొనిపోవుటను తెలుగువారందరును చూచియున్నారు. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో, పంజాబు హర్యానాల సరిహద్దున శంభూ వద్ద, ఢిల్లీకి బయలుదేరిన రైతులపై హర్యానా పోలీసులు బాష్పవాయు గుండ్లను జారవిడిచినదియు డ్రోనులనుండియే. కావున ఏ కార్యమునకు, ఎవరి యాజ్ఞతో, ఎంతకాలము ఈ యంత్రమును పంపవచ్చునను ధర్మమే ఇచట విచారణీయము.

మన దేశమున ఆ ధర్మము సగమే లిఖితమైనది. 2021 ఆగస్టు 25న ప్రకటితమైన డ్రోను నియమములు, 250 గ్రాములకు మించని నానో తరగతి మొదలుకొని బరువును బట్టి ఐదు తరగతులను, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములను, ఆకుపచ్చ మండలమున 400 అడుగుల యెత్తును, యంత్రమునకొక విశిష్ట సంఖ్యను విధించి, గగనమార్గమును గూర్చి మిక్కిలి శ్రద్ధ వహించినవి. కాని పోలీసు డ్రోను పెరటిలోనికి తొంగిచూడవచ్చునా, తీసిన చిత్రములను ఎన్నాళ్లు దాచవచ్చును, వానిని ఎవరు చూడవచ్చును అను ప్రశ్నలకు అందు సమాధానము లేదు. గోప్యత మౌలిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము తీర్మానించినను, 2023 నాటి వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము నేరనివారణకు, నేరపరిశోధనకు విశాలమైన మినహాయింపులనే యొసగినది.

ఆపద మీదికి వచ్చినపుడు అనుమతి పత్రములకై నిరీక్షించుచు కూర్చుందుమా అని పోలీసులును, అగ్నిమాపకదళమువారును అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వరదలోను, అగ్నిప్రమాదములోను, తప్పిపోయిన బిడ్డను వెదకుటలోను డ్రోను ముందెగురవలెను, కాగితము పిదప వ్రాయవచ్చును. అయితే ఇల్లంటుకొన్నపుడు ఆర్పుటకై లోనికి వచ్చిన పొరుగువాడు మంట చల్లారిన పిమ్మట భోషాణము తెరచి చూడరాదు గదా! వరదబాధితులకై తీసిన చిత్రము మరునాడు సభకు వచ్చినవారి ముఖములను పోల్చుటకు పనికిరాకుండునట్లు ప్రయోజనమును, గడువును ముందే నిర్ణయించి, కేసుకు సంబంధింపని దానిని గడువు తీరగనే చెరిపివేయవలెను. ఒక వ్యక్తినో, ఒక యింటినో కనిపెట్టి యుండుటకు మాత్రము న్యాయాధికారి ముందస్తు ఉత్తరువు ఉండి తీరవలెను.

ఇది గగనకుసుమము కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రము 2013లోనే, ప్రాణాపాయాది సందర్భములు తప్ప, సాక్ష్యసేకరణకై పోలీసు డ్రోనులను వాడుటకు న్యాయస్థానపు వారంటును విధించినది. 2021లో ఏబదిమంది గాని అంతకు మించి గాని ఉన్న సమూహములను పైనుండి చూచుటకు మినహాయింపు నిచ్చినపుడు సైతము, దళాధిపతి వ్రాతపూర్వకమైన అనుమతిని, చిత్రములను భద్రపరచు పద్ధతిని, రాజ్యాంగ హక్కుల రక్షణకు నియమావళిని కోరినది. సడలించుచును లెక్క అడుగుట అనగా ఇదియే.

ఇక ఆయుధము మాట. గుంపును చెదరగొట్టుటకు ముందు సాధారణముగా విడిపొమ్మని ఆజ్ఞాపింపవలెనని మన క్రిమినల్ ప్రక్రియా చట్టము విధించుచున్నది; ఆజ్ఞ యిచ్చు అధికారి, వినవలసిన ప్రజ, ఒకరికొకరు ఎదురుగా నుందురను భావముపై ఆ విధి నిలిచినది. ఆకసమునుండి గుండు జారుచోట ఆ సంబంధము తెగిపోవుచున్నది. కనుక డ్రోనునకు ఆయుధము తగిలించుటను స్పష్టముగా నిషేధించుటయే మేలని నా యభిప్రాయము.

ఇందుకై ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. రాజ్యాంగరీత్యా పోలీసు వ్యవస్థ రాష్ట్రముల యధికారములోనిది. 2024 అక్టోబరులో అమరావతి డ్రోను సదస్సును నిర్వహించి, ఈ రంగమున అగ్రస్థానమును కాంక్షించుచున్న ఆంధ్రప్రదేశమే ఇట్టి చట్టమును మొదట వ్రాసిన శోభించును. ఎగురవేయు నేర్పును సగర్వముగా ప్రదర్శించిన చేతికి, ఎగురవేసిన ప్రతిసారియు ఎందుకని వ్రాసి సంతకము చేయుట భారము కాజాలదు.