తప్పిన పరీక్ష

నరసరావుపేటలో మా పొరుగింటి కోడలు ఉపాధ్యాయ అర్హత పరీక్షయందు 150కి 84 మార్కులు పొంది తప్పినది. ఆమె వర్గమువారికి 90 కావలెను. పది దినములు వాకిటికి రాలేదు. మరల రుసుము కట్టుటకు అత్తగారికి మనసొప్పలేదు. 2021 నుండి ఈ యర్హత యావజ్జీవము చెల్లుచున్నదని నేనే నచ్చజెప్పితిని.

ప్రకటించిన సమాధానములతో సరిచూడగా తెలుగున 30కి 26, శిశువికాసమున 11! అయినను ఆమె తెలుగు పుస్తకమే పట్టినది. వచ్చినదానినే చదువుట సుఖము గదా! దానిని మూయించి, పియాజే చెప్పిన పూర్వప్రచాలక దశను ఐదేండ్ల కుమారునియందే చూడుమంటిని. పొడవు గ్లాసులోని పాలు వెడల్పు గిన్నెలో పోయగానే వాడు "తగ్గిపోయినవి" అని యేడ్చెను. ఫలితము వచ్చిన పిదప ఆమె నవ్వుట అదియే మొదలు.

తప్పు జవాబునకు మార్కులు కోయరు గనుక ఏ ప్రశ్నను విడువవద్దని కూడ చెప్పితిని. ఇప్పుడు రాత్రి వంట ముగియగానే మా యరుగుపై లెక్కలు చేయుచున్నది.