సన్మానానికీ షరతు ఉండాలి

సౌర కుటుంబం వెలుపలి గ్రహాలను కనిపెట్టడంలో పేరుమోసిన జెఫ్రీ మార్సీ 2015 అక్టోబరులో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. విద్యార్థినులను ఆయన ఏళ్ల తరబడి వేధించారని విశ్వవిద్యాలయ విచారణలో తేలింది. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలో ఆయన సభ్యత్వం మాత్రం 2021 మే దాకా చెక్కుచెదరలేదు. ఉద్యోగం పోయాక కూడా గౌరవం ఐదేళ్లకు పైగా నిలిచింది.

1863లో పుట్టిన ఆ అకాడమీలో ఒకసారి ఎన్నికైతే జీవితాంతం సభ్యులుగానే ఉండేవారు. తీసేసే నిబంధనే ఉండేది కాదు. 2019లో సభ్యులు ఓటేసి దాన్ని తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఏడాది దాటినా ఒక్క ఫిర్యాదూ అందలేదు. ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చనీ, చేస్తేనే తాము కదలగలమనీ అధ్యక్షురాలు మార్షా మెక్‌నట్ చెప్పుకోవాల్సి వచ్చింది. 2020లో ఈ సంగతి పత్రికలకెక్కిన తర్వాతే కదలిక కనిపించింది. మార్సీని తొలగించిన మరుసటి నెలే జన్యు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్కో అయాలాను కూడా తొలగించారు. ఆయన మీది ఫిర్యాదులు నిజమేనని అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2018లోనే తేల్చింది.

ఈ మొత్తం వ్యవహారంలో ఆలోచించాల్సింది ఆ ఏడాది మౌనం గురించే. విచారణలో రుజువై, లోకమంతటికీ తెలిసిన విషయమది. అయినా రెండు వేలకు పైగా ఉన్న సభ్యుల్లో ఒక్కరూ కాగితం ముక్క మీద రాసి పెట్టలేదు. బైలాలో ఒక వాక్యం చేర్చినంత మాత్రాన నోళ్లు తెరుచుకోవు.

ఎందుకు తెరుచుకోవో మన విశ్వవిద్యాలయాల్లో రీసెర్చ్ చేసినవారికి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక సబ్జెక్టువారు కలిసి నడుపుకునే విద్వత్ సంఘం తన సభ్యులెవరికీ జీతమివ్వదు, బదిలీ చేయదు. కానీ వార్షిక సదస్సులో సెషన్‌కు అధ్యక్షత వహించే పెద్దాయనే రేపు థీసిస్‌కు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వస్తాడు. ఆయన సంపాదకత్వంలోని పత్రికలోనే పేపర్ అచ్చు కావాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ కుర్చీలోనూ ఆయనే ఉండవచ్చు. గైడుకు ఆయన సహాధ్యాయో, గురువో అయి ఉంటాడు. ఒక సబ్జెక్టులో పైనున్నది పాతిక ముప్పై మంది. వారిలో ఒకరి మీద ఫిర్యాదు చేస్తే మిగతావారి దగ్గర తన పేరు ఏమవుతుందోనని ఇరవై ఆరేళ్ల అమ్మాయి లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క తప్పని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు.

చట్టం ఉంది కదా అంటారు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం గట్టిదే. కానీ అది యజమాని–ఉద్యోగి బంధం చుట్టూ అల్లుకున్నది. పది మంది, అంతకు పైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలంటుంది. వెయ్యి మంది సభ్యులున్న విద్వత్ సంఘంలో ఉద్యోగులుగా ఒక గుమస్తా, ఒక అటెండరు ఉంటే గొప్ప. 2022లో కేరళ హైకోర్టు సినీ సంఘాల విషయంలో ఇలాంటి ప్రశ్నకే జవాబు చెప్పింది. ప్రతి సినిమా నిర్మాణ యూనిట్‌లో కమిటీ ఉండాల్సిందేననీ, సంఘాలకైతే తాము యజమానులుగా అంతమంది ఉద్యోగులను పెట్టుకున్నప్పుడే ఆ బాధ్యత అనీ తేల్చింది. సభ్యులు ఉద్యోగుల లెక్కలోకి రారు.

బాధితురాలు పనిచేసే చోటి కమిటీయే మరో సంస్థ ఉద్యోగి మీది ఫిర్యాదును కూడా విచారించవచ్చని 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పడం కొంత ఊరట. అయినా రిటైరైన ఆచార్యుడిపై చర్య తీసుకోవడానికి యజమాని ఎవరు? మన సంఘాల వేదికల మీద శాలువాలు కప్పించుకునేవారిలో చాలామంది రిటైరైనవారే. వారి చేతిలో మిగిలిన అధికారమంతా సంఘం ఇచ్చిందే. దాన్ని వెనక్కి తీసుకోగలిగేదీ సంఘమే.

పైగా ఆ చట్టం పరిధి మహిళలపై లైంగిక వేధింపుల వరకే. సదస్సు భోజనాల దగ్గర ‘మీ ఇంటిపేరేమిటి?’ అని మొదలై ‘ఏ ఊరు, ఎవరి తాలూకు?’ దాకా సాగే ఆరా దేనికో తెలుగువారందరికీ తెలుసు. జవాబును బట్టి మర్యాద మారిపోతే ఎవరికి చెప్పుకోవాలి? ‘రిజర్వేషన్ సీటు కదా’ అని పేపర్ చదవకముందే వెటకారమాడితే? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరిలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత క్యాంపస్ వివక్ష గురించి దేశమంతా మాట్లాడుకుంది. సంఘాల దాకా ఆ చర్చ చేరలేదు. అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లోనే తన వివక్ష నిషేధ విధానంలోకి కులాన్ని చేర్చింది. కులం పుట్టిన గడ్డ మీది సంఘాలకు ఆ మాట రాసుకోవడానికి మొహమాటమెందుకో అర్థం కాదు.

నాకు నచ్చిన నమూనా అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ అనే విద్వత్ సంఘానిది. 2017లో అది వేధింపులు, వివక్ష, బెదిరింపులను శాస్త్రీయ దుష్ప్రవర్తనగా ప్రకటించింది. డేటా కల్పించడం, ఇతరుల రాతను కాజేయడం ఏ గాటన ఉన్నాయో వీటినీ ఆ గాటనే కట్టింది. ‘అది ఆయన వ్యక్తిగతం, పాండిత్యాన్ని చూడండి’ అనే పాత సాకుకు అంతకంటే సూటి జవాబు లేదు. మరుసటి ఏడాది వచ్చిన అమెరికా జాతీయ అకాడమీల నివేదిక మరో సంగతి తేల్చింది. లైంగిక వేధింపుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లను చులకన చేసే మాటలు, చేతలే. అవి ఎంత జరుగుతాయో అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది సంస్థలోని వాతావరణం. ఫిర్యాదును పట్టించుకుంటారన్న నమ్మకం లేని చోట అవి పెరుగుతాయి.

మన దగ్గరా ప్రయత్నం లేకపోలేదు. ఇండియన్ ఫిజిక్స్ అసోసియేషన్‌లోని జెండర్ బృందం 2019 సెప్టెంబరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే సదస్సు పెట్టింది. భౌతికశాస్త్రంలో స్త్రీ పురుష సమానత్వానికి ‘హైదరాబాద్ చార్టర్’ అందులోంచే వచ్చింది. మన ఊరి పేరుతో ఉన్న ఆ పత్రాన్ని చరిత్ర, సాహిత్యం, అర్థశాస్త్ర సంఘాలవారు ఎందరు చదివారు?

‘మేమేమైనా కోర్టులమా, విచారణలు చేయడానికి?’ అని కార్యదర్శులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికా విజ్ఞాన అకాడమీ కూడా సొంతంగా దర్యాప్తులకు దిగలేదు, వేరే సంస్థల విచారణలో తేలిన వాటి మీదే ఆధారపడింది. మన సంఘాలూ అక్కడ మొదలుపెట్టవచ్చు. సదస్సులో జరిగేవాటికి మాత్రం సొంత కమిటీ తప్పదు. అందులో సంఘం పదవుల్లో లేనివారు, బయటి న్యాయవాది ఉండాలి. ఆరోపణ ఎదుర్కొనేవారి వాదన వినాలి, అప్పీలుకు అవకాశమివ్వాలి. తప్పుడు ఫిర్యాదుల భయానికి 2013 చట్టంలోనే జవాబుంది: దురుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు శిక్ష ఉంది, రుజువు చేయలేకపోవడం మాత్రం నేరం కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, బాధితురాలే సంతకం పెట్టాలన్న పట్టు వదలాలి. తేలిన విషయం తెలిసిన ఏ సభ్యుడైనా ఫిర్యాదు చేయగలగాలి, చేయకపోతే కార్యవర్గమే చేపట్టాలి. అమెరికాలో ఏడాదికి పైగా వృథా అయింది, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారని ఎదురుచూస్తూ కూర్చోవడం వల్లే.

జీవిత సభ్యత్వం, ఫెలో హోదా, పురస్కారం, స్మారకోపన్యాసం ఇవన్నీ షరతులతో కూడినవేనని ముందే రాసుకోవాలి. మీ సంఘం తదుపరి సర్వసభ్య సమావేశం అజెండాలో, లెక్కల ఆమోదానికీ వందన సమర్పణకూ మధ్య, ఈ ఒక్క సవరణకు చోటు అడగండి. అడిగే బాధ్యత రీసెర్చ్ స్కాలర్ల మీద పెట్టకండి. ఇక పోగొట్టుకునేది పెద్దగా లేని సీనియర్లే లేచి నిలబడాలి.