సర్వపిండికి ఓవెనెందుకమ్మా?

మొన్న కార్తీకమాసంలో మా అబ్బాయి, కోడలు, మనుమరాలు హన్మకొండ నుంచి వచ్చారు. వస్తూ వస్తూ ఓ పెద్ద అట్టపెట్టె తెచ్చారు. మా నెక్కొండ స్టేషన్లో బండి ఆగేది నిమిషమో, రెండు నిమిషాలో. ఆ కాస్త వ్యవధిలో ముందు పిల్లను దింపాలా, పెట్టెను దింపాలా అని మావాడు తికమకపడి, పెట్టెను దింపి పిల్లను మరిచిపోయినంత పని చేశాడట. ఇంతకీ ఆ పెట్టెలో ఉన్నదేమిటంటే ఓవెను.

"అత్తమ్మా! ఈ చలికాలం మీరు పొయ్యి దగ్గర నిలబడే పనిలేదు. కూరగాయలన్నీ తరిగి ఇందులో పెడితే చాలు, అదే బేక్ అవుతుంది. నూనె తక్కువ, ఆరోగ్యం ఎక్కువ" అన్నది కోడలు. పాపం, ప్రేమకొద్దీ తెచ్చింది. కాదనడానికి నోరు రాలేదు. నోరు రానప్పుడు కలం పట్టుకోవటం నాకున్న దురలవాటు. అందుకే ఈ నాలుగు మాటలూ.

మర్నాడు పొద్దున్నే మా మనుమరాలు ఫోనులో చూసి నాకొక జాబితా రాసిచ్చింది. 'చలికాలపు ఆరోగ్య వంటకం' అట దాని పేరు. బ్రకోలీ, జుకినీ, ఎర్ర క్యాప్సికం, చీజు, వెన్న, మైదా. ఆ కాగితం పట్టుకొని అంగడికి పోయాను.

"బ్రకోలీ ఉన్నదా?" అని అడిగాను.

"గదేం కూర అక్కా?" అన్నది కూరగాయలామె.

"గోబిపువ్వు లెక్కనే ఉంటది గని, పచ్చగుంటది."

"పచ్చగుండుడే గావాల్నంటే పాలకూర కొండవోరాదు! పొద్దుగాలనే కోసుకచ్చిన."

ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం నవ్వు పోయి ఆలోచన మిగిలింది. ఆవిడ గంపల్లో ఏం తక్కువైందని నేను లేనిదాన్ని అడిగాను? నిగనిగలాడే వంకాయలు, చిక్కుడుకాయలు, పచ్చి కందికాయలు, అనపకాయలు, లేత సొరకాయలు, ముల్లంగి, టమాటలు, మెంతికూర, చుక్కకూర, ఉల్లాకు, వాకిట్లోకి రాగానే వాసన కొట్టే కొత్తిమీర! బతుకమ్మ పండుగకు పూలిచ్చిన గుమ్మడి తీగలే ఇప్పుడు కాయలిస్తున్నాయి. (కోస్తా జిల్లాల చెల్లెళ్ళకు ఒక మాట: మీరు ఆనపకాయ అనేది మా సొరకాయనే. మా అనపకాయ అంటే గింజలు ఒలిచి వండుకునే చిక్కుడుజాతి కాయ. పేర్ల దగ్గర పేచీ వద్దు, కూర దగ్గర కలుసుకుందాం.)

అసలీ 'చలికాలపు బేకింగ్' ఎక్కడ పుట్టిందో ఒకసారి ఆలోచించండి. మంచు కురిసే దేశాల్లో. అక్కడ చలికాలం వస్తే నేల గడ్డకడుతుంది. పచ్చని ఆకు కనపడదు. అందుకని శరత్కాలంలోనే ఉర్లగడ్డలు, క్యారట్లు, గట్టి తోలు గుమ్మడికాయలు తెచ్చి దాచుకొని, ఆ నాలుగు నెలలూ వాటితోనే నెట్టుకొచ్చేవారు. ముదిరిపోయిన ఆ దుంపలు మెత్తబడాలంటే చాలాసేపు సెగ తగలాలి. పొయ్యి ఎటూ ఇల్లు వెచ్చబడటానికి వెలుగుతూనే ఉంటుంది. ఆ వేడిలోనే గంటలకొద్దీ కాల్చుకున్నారు. అది వాళ్ళ తెలివి, వాళ్ళ అవసరం. నేను తప్పు పట్టను.

మరి మనకో? మనకు చలికాలం వస్తేనే పెరడు పచ్చబడుతుంది. ఎండాకాలంలో నాలుగు కొత్తిమీర రెమ్మలకు మొహం వాచిపోతాం. వానాకాలంలో ఆకుకూర బురదకొట్టుకొని వస్తుంది, సగం కుళ్ళుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకానే మన దొడ్లకు పండుగ. పొద్దున కోసింది మధ్యాహ్నం పళ్ళెంలో ఉండే రోజులివి. అటువంటి లేత కూరను గంటసేపు ఓవెన్లో మాడ్చి, పైన చీజు కప్పి, 'ఇది చలికాలపు ఆరోగ్యం' అనుకుంటే, చన్నీళ్ళ స్నానం చాలిన వాడు గొంగడి కప్పుకొని చెమటలు కార్చినట్లుంటుంది.

క్యారట్ కేక్ సంగతే చూడండి. 1940లో యుద్ధం మూలంగా బ్రిటన్‌లో చక్కెరకు రేషన్ పెట్టారు. అక్కడి ఇల్లాళ్ళు చేలో పుష్కలంగా ఉన్న క్యారట్‌ను తురిమి, దాని తీపితో కేకులు చేసుకున్నారు. లేనిదాని కోసం ఏడవకుండా ఉన్నదానితో గడుపుకున్నారు. శభాష్! మనమేం చేస్తున్నాం? గిన్నెడు మైదా, గిన్నెడు చక్కెర, అరగిన్నె నూనె పోసి, రెండు క్యారట్లు తురిమి వేసి, 'ఇందులో కూరగాయలున్నాయి, పిల్లలకు బలం' అంటున్నాం. వాళ్ళ తెలివిని వదిలేసి వాళ్ళ కేకును తెచ్చుకున్నాం.

'ఈవిడకు కొత్తదంటే గిట్టదు' అనుకునేరు! పైనుంచి వచ్చిందని దేన్నీ తోసేయమని నేననను. టమాట మనది కాదు, ఉర్లగడ్డ మనది కాదు. ఆ మాటకొస్తే మిరపకాయా మనది కాదు, అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. ఆ మిరపకాయే మా వరంగల్లు నేలలో పాతుకొని, రంగు ఎక్కువ, కారం తక్కువ ఉండే చపాటా మిర్చి అయి, 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. బ్రకోలీ కూడా రేపు మా చేలల్లో కాస్తే, మా కూరగాయలామె గంపలోకి వస్తే, నేనే మొదట కొంటాను. వచ్చినదాన్ని మన మట్టిలో నాటుకోవటం వేరు, దాని కోసం మన పందిరి కింద ఉన్నదాన్ని చులకన చేయటం వేరు.

ఇక బేకింగ్ అంటారా, మనకు తెలియనిదా? మా ఓరుగల్లు వైపు సర్వపిండి ఏమిటి మరి? బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర, ఉప్పు కలిపి, మూడు గ్లాసుల పిండికి రెండు గ్లాసుల చొప్పున సొరకాయ తురుము వేసి కలపండి. సొరకాయలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే కాబట్టి వేరే నీళ్ళు అంతగా అక్కర్లేదు. ఆ ముద్దను నూనె రాసిన సర్వ లోపల చుట్టూ పలచగా అద్ది, వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, బొక్కకో చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద వదిలేయాలి. అడుగున కరకర, లోపల మెత్తన. మూత కింద సొరకాయ ఆవిరి తిరుగుతుంది కాబట్టి ఎండిపోదు. నల్లగొండ వైపు దీన్నే తపాలచెక్క అంటారు. మీ దిబ్బరొట్టె మాత్రం తక్కువా? మందపాటి గిన్నెలో మినప్పిండి పోసి, మూత మీద నిప్పులు వేసి కాల్చేవారు కదా! కింద సెగ, పైన సెగ. ఓవెన్ చేసేదీ అదే. కుంపటి బూడిదలో పెట్టిన కందగడ్డ, మీ చిలగడదుంప, అదేమన్నా నూనెలో వేగిందా?

'నూనె తక్కువ' అనే మాటకూ హద్దుండాలి. గుమ్మడిలో, క్యారట్‌లో ఉండే పసుపురంగు పదార్థం నుంచి మనకు విటమిన్ 'ఏ' వస్తుంది. అది ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె ఉండాల్సిందే. తాలింపును కనిపెట్టిన అమ్మమ్మలకు ఆ విటమిన్ పేరు తెలియదు, అంతే.

ఇంతవరకూ చదివి "బాగా చెప్పిందావిడ, ఆడవాళ్ళు వంట మానేసి బయటి తిండికి మరిగారు కాబట్టే ఈ రోగాలన్నీ" అని తల ఊపే పెద్దమనుషులు కొందరుంటారని నాకు తెలుసు. ఏ పెళ్ళి పందిట్లో చూసినా ఒకరైనా ఉంటారు. అయ్యా, కాస్త ఆగండి. నా అసలు తగాదా మా కోడలి ఓవెన్‌తో కాదు, మీతోనే.

పదేళ్ళ కింద నాకు ఆయాసం వస్తే వరంగల్లులో డాక్టరమ్మకు చూపించుకున్నాను. రక్తం పరీక్ష చేయించింది. నాలాంటి ఆడవాళ్ళకు పన్నెండు గ్రాములైనా ఉండాల్సింది, నాకు ఎనిమిదిన్నర ఉంది. "ఏం తింటారమ్మా?" అని అడిగింది. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. చిక్కుడుకాయ టమాట, మెంతికూర పప్పు, గుమ్మడికాయ పులుసు, సర్వపిండి, పుంటికూర... ఆవిడ చివరిదాకా విని, "ఇవన్నీ వండుతానన్నారు. తింటారా అని కదా నేనడిగింది?" అన్నది.

నాకు మాట రాలేదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో కూర మొదట మామగారికి, తర్వాత మా వారికి, తర్వాత పిల్లలకు. గిన్నె నా దగ్గరకు వచ్చేసరికి అడుగున మిగిలిన పులుసూ, నాలుగు తొక్కులూ. మా పెరట్లో చిక్కుడు పందిరి కింద రోజూ కాయలు కోసింది నేనే, ఈనెలు తీసింది నేనే, వండింది నేనే. తిన్నవాళ్ళ జాబితాలో మాత్రం నేను లేను! సర్వపిండి అయితే మరీ అన్యాయం. సర్వ చల్లారితే గాని రెండోది అద్దలేం. ఒక్కొక్కటే వేడివేడిగా అందరి పళ్ళేల్లోకీ పోతుంది. గంటకు పైగా పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి చివరిది, అదీ మాడినది.

ఇది నా ఒక్కదాని గోడు అయితే రాయకపోదును. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. సగానికి పైగా! వీళ్ళందరూ వంట మానేసినవాళ్ళా? 2019లోనే ప్రభుత్వం ఎవరి రోజు ఎలా గడుస్తుందో లెక్క తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు చేసేవారని అప్పుడు తేలింది. ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అదీ చేసేవాళ్ళ లెక్కే, అసలు గరిటె ముట్టనివాళ్ళు అందులోకే రారు. వండటం మానేసినందుకు కాదండీ మాకు రక్తం లేనిది. వండి, వడ్డించి, మిగిలితే తిన్నందుకు.

రక్తహీనతకు కారణం తిండి ఒక్కటే కాదని, కూరలతోనే అది పోదని నాకు తెలుసు. నేను ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగాను. అనుమానం ఉన్నవాళ్ళు మొహమాటపడకుండా పరీక్ష చేయించుకోండి. మాత్రతో పాటు పళ్ళెం కూడా మారాలని డాక్టరమ్మ చెప్పింది. ఆకుకూరలో ఇనుము ఉన్నా మన ఒంటికి పట్టేది కొద్దిగానే. పైన నిమ్మకాయ పిండుకున్నా, ఓ ఉసిరికాయ నంజుకున్నా మరికొంత పడుతుంది. భోంచేసిన వెంటనే టీ తాగితే పట్టేది కూడా తగ్గుతుంది. కార్తీకంలో ఉసిరికాయలకు కరువా? పండ్లూ కూరలూ కలిపి మనిషికి రోజుకు 400 గ్రాములైనా ఉండాలని, అందులో దుంపలు లెక్కకు రావని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ మూడు నాలుగు నెలల్లో మనకు అంత తేలిగ్గా, అంత చవకగా అందే కాలం మరొకటి లేదు. దాన్ని జారవిడుచుకొని ఎండాకాలంలో టానిక్కు సీసాలు కొనటం ఏం తెలివి?

కాబట్టి నేను చెప్పేది ఇంతే. ఆరోగ్యకరమైన వంట అంటే ఓవెన్లో చేసినదీ కాదు, సర్వలో చేసినదీ కాదు. కాలానికి కాసినదాన్ని వండి, వండిన మనిషి కూడా వేడిగా, కడుపునిండా తిన్నదే ఆరోగ్యకరమైన వంట. రెండో ముక్క లేకపోతే మొదటిదంతా ఉపన్యాసమే. ఇంటి వంట గొప్పదని చెప్పే మగవాళ్ళు చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ చెప్పండి, వింటాం. మా ఆడవాళ్ళలో మేమూ ఆ 'చివర తినే' త్యాగాన్ని మెడలో గొలుసులా తిప్పుకోవటం మానాలి. కూతుళ్ళు చూసి నేర్చుకునేది దాన్నే.

మా కోడలు ఓవెన్ను నేనేం అటక ఎక్కించలేదు. పల్లీలు చక్కగా వేగుతున్నాయి, కందగడ్డలు బూడిద అంటకుండా కాలుతున్నాయి. దాని ధర్మం అది చేస్తున్నది. సర్వపిండికి మాత్రం ఇప్పుడు మూడు సర్వలు పెట్టుకున్నాను. ఒకటి పొయ్యి మీద, ఒకటి చల్లారుతూ, ఒకటి అద్దుతూ. ఇంట్లో కొత్త రూలు కూడా పెట్టాను: ఎవరు అద్దితే వాళ్ళకే మొదటిది. మా మనుమరాలు ఆ పూటే నేర్చుకుంది. "నానమ్మా, ఇది కూడా బేకింగే కదా!" అన్నది. మా వారు రెండు రోజులు పళ్ళెం పట్టుకొని బెట్టుగా కూర్చున్నారు. మూడో రోజు చేతులు కడుక్కొని వచ్చారు. వేలితో బొక్క పెట్టమంటే పిడికిలి దూరేంత పెడుతున్నారు, పిండేమో ఒకవైపు మందం, ఒకవైపు పలచన. అయినా నేనేమీ అనటం లేదు. పక్కనే పీట వేసుకొని కూర్చొని, నా మొదటి సర్వపిండి వేడివేడిగా తింటున్నాను.