నవ్వుకీ జామీనేనా?

కన్నీళ్ళ కథలకు కాలం చెల్లిందని ఈమధ్య సాహిత్య సభల్లో పదేపదే వింటున్నాం. బాధను బాధలా చెప్పుకుంటే మోటు అట. కాస్త ఎడంగా నిలబడి, చెప్పేదాన్ని తామే నమ్మనట్టు మొహం పెట్టి, వ్యంగ్యంగా చెప్పాలట. సినిమాల్లో అయితే మరీను. ఒకప్పుడు హీరో తల్లి శవం మీద పడి ఏడిస్తే హాలంతా ఏడ్చేది. ఇప్పుడు అదే సన్నివేశాన్ని హాస్యనటుడు అనుకరిస్తాడు, హాలంతా నవ్వుతుంది. గుడివాడ నుంచి గుడ్లవల్లేరు పోయే బస్సులో కాలేజీ పిల్లల మాటలు వినండి. మనసారా అన్న ప్రతి మాటకూ వాళ్ళ దగ్గర ఒకటే జవాబు: 'ఓవర్'.

పిల్లల మీద మాకు ఫిర్యాదు లేదు. నవ్వే వయసు, నవ్వుతారు. ఈ వరసే సాహిత్య సిద్ధాంతమై కూచుని మా రాతల మీద తీర్పు చెప్పడానికి వచ్చినప్పుడు మాత్రం మాకు పేచీ ఉంది.

ఉర్దూలో వీటికి రెండు మంచి మాటలున్నాయి: ఖులూస్, తంజ్. ఖులూస్ అంటే కల్తీ లేని మనసు. ఉత్తరం చివర, సంతకానికి ముందు రాసుకునే మాట. తంజ్ అంటే ఎత్తిపొడుపు. ఈ రెండూ ఒకదానికొకటి పగ అని మాకు ఏ ఉస్తాదూ చెప్పలేదు. మా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు వియ్యాలవారిని ఏకి పారేస్తూ పాడేదీ, పిల్లను సాగనంపుతూ ఏడ్చేదీ ఆ గొంతులతోనే. కృష్ణాజిల్లా ఎకసెక్కెం మాకేమీ కొత్త కాదు. అది మా నోటి భాష కూడా.

మరి తెలుగు తెర మీద మా నోటికి ఏ భాష ఇచ్చారు? బందరు సాయిబైనా, పెడన కలంకారీ అద్దకం పనివాడైనా, దివిసీమ చేపల వ్యాపారి అయినా తెర మీదికి వచ్చేసరికి చార్మినార్ దగ్గర పుట్టినవాడై పోతాడు. లింగం తప్పు, వచనం తప్పు, మాట మాటకీ 'అరే భాయ్'. పక్కింటి కమ్మవారో కాపులో మాట్లాడే తెలుగే మేమూ మాట్లాడతామని ఈ డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. తెలుగు సినిమాకు అది తెలియక కాదు. తెలిస్తే నవ్వు రాదు, అదీ సంగతి.

హైదరాబాదు యాసను ఎగతాళి చేయడం తప్పంటున్నామని పొరబడకండి. 'ది అంగ్రేజ్' వచ్చినప్పుడు మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అందులో ఇస్మాయిల్ భాయ్‌గా వేసిన ధీర్ చరణ్ శ్రీవాస్తవ్ ముస్లిం కాదు. అయినా ఆ నవ్వు మమ్మల్ని కోయలేదు. అరుగు మీద కూచున్నవాడు తన అరుగును చూసి నవ్వినట్టు ఉంది. దక్కనీ వచ్చినవాడి నవ్వుకీ, దక్కనీని మిమిక్రీ చేసేవాడి నవ్వుకీ తేడా తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఇక నవ్వించని పాత్ర ఇస్తే ఏమిస్తారు? 2002 నాటి 'ఖడ్గం' చూడండి. ప్రకాశ్ రాజ్ వేసిన అంజద్ మంచివాడు, దేశభక్తుడు. దారి తప్పిన తమ్ముడు ఉన్నాడు గనక ఆ దేశభక్తిని అతను ప్రేక్షకుల ముందు నిరూపించుకోవాలి. ప్రకాశ్ రాజ్ బాగా చేశాడు, మేమూ కళ్ళు తుడుచుకున్నాం. కానీ ఆ సినిమాలో ఎన్ని పాత్రలుంటే అందరిలో ఒక్కడికే ఎందుకు ఆ పరీక్ష? మిగతావాళ్ళ దేశభక్తి పుట్టుకతో వచ్చింది, అతనిది వాంగ్మూలంగా ఇవ్వాల్సి వచ్చింది. మా దగ్గర కోరే ఖులూస్ ఇదీ. పోలీసు స్టేషన్లో సంతకం లాంటిది.

ఇప్పుడు గుడ్లవల్లేరు సంగతికి వద్దాం. ఈ మండలంలోని కౌతవరంలోనే 1935లో కైకాల సత్యనారాయణ పుట్టాడు. 2022 డిసెంబర్‌లో ఆయన పోయినప్పుడు పత్రికలన్నీ యముణ్ణే ముందు తలుచుకున్నాయి. 'యమగోల'(1977)లో యముడు, మళ్ళీ 'యమలీల'(1994)లో యముడు. ఆ యముడి పాత్రలో ఉన్న రహస్యం ఏమిటి? సత్యనారాయణ ఎప్పుడూ యముణ్ణి వెక్కిరించలేదు. తాను సాక్షాత్తూ యమధర్మరాజునేనని నమ్మి గద మోశాడు, నమ్మి గర్జించాడు. భూలోకంలో ఐస్‌క్రీం ముందు కూడా ఆ దర్పం సడలనివ్వలేదు. నవ్వు అక్కడ పుట్టింది. కన్ను గీటి ఉంటే చచ్చేది.

అదే 'యమలీల'లో హీరో అలీ. రాజమండ్రి ముస్లిం కుర్రాడు. తల్లిగా మంజుభార్గవి. కూచిపూడి నేర్చిన మనిషి. తల్లి చనిపోతుందని భవిష్యవాణి పుస్తకంలో చదువుకున్న కొడుకు కథ అది. జనం నవ్వారు, ఏడ్చారు, టిక్కెట్టు తీసుకుని మళ్ళీ వెళ్ళారు. హిందూ పురాణ పాత్రతో ముస్లిం నటుడు ఆడుకుంటున్నాడని ఎవరికీ నొప్పి కలగలేదు. సంతోషమే. కాకపోతే తెర మీద అతని పేరు సూరజ్. ఆ కొడుకు పేరు సలీమో, ఆ తల్లి పేరు ఖైరున్నీసానో అయి ఉంటే ఆ కన్నీళ్ళు అన్నే వచ్చేవా? ఈ ప్రశ్న అలీకి కాదు, మీకు.

వ్యంగ్యం గొప్పదా, చిత్తశుద్ధి గొప్పదా అని తగువులాడే విమర్శకులు ఒక్కసారి బుర్రకథ వేదిక వైపు చూడాలి. మధ్యలో తంబురాతో కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ప్రాణం పెట్టి చెబుతుంటే హాస్య వంత మధ్యలో దూరి ఆట పట్టిస్తాడు, రాజకీయ వంత ఆ కథను ఇవాళ్టి బియ్యం ధరతో ముడివేస్తాడు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా కథ నిలవదు. అయితే ఒక కట్టుబాటు ఉంది. హాస్య వంత వీరుణ్ణి గేలి చేసినా, వీరుడు చచ్చే ఘట్టంలో నోరు మూస్తాడు. ఎప్పుడు నోరు మూయాలో తెలియడమే అతని విద్య.

ఆ వేదికను తెలుగునాట ఊరూరా తిప్పినవాడు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన దూదేకుల బిడ్డ. ప్రజానాట్యమండలి మనిషి. అల్లూరి సీతారామరాజునూ, బొబ్బిలినీ, పలనాటినీ గొంతులో పెట్టుకుని తిరిగాడు. ఆయన తెలుగు వింటూ 'సాయిబు తెలుగు' అని ఎవడూ నవ్వలేదు, నవ్వే సందు ఆయన ఇవ్వలేదు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశాడు. ఆయన ఆత్మకథ పేరేమిటో తెలుసా? 'పింజారి'. తెలుగువాళ్ళు తిట్టుగా వాడే కులం పేరు. దాన్ని తీసి తన జీవితం నెత్తిన కట్టాడు. ఇది ఖులూసా, తంజా? మీ కొలతబద్దలు తెచ్చి కొలవండి.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా', 2004లో కథల సంకలనం 'వతన్' వచ్చాయి. ప్రతిసారీ అవే మాటలు. ఆవేశం ఎక్కువ, శిల్పం తక్కువ. నినాదం. ఏడుపు. అయ్యా, మీ మాటను నమ్మడానికి ఊరంతా సిద్ధంగా ఉంది గనక మీరు దాన్ని సగం చెప్పి, సగం నవ్వి వదిలేయగలరు. మా మాట మొదటిసారి వినబడుతోంది. మొదటిసారి తలుపు తట్టేవాడు గట్టిగానే తడతాడు.

పోనీ, మీరన్నట్టే నవ్వుతూ చెబుదామా? 2021 జనవరి 1న ఇండోర్‌లో మునవ్వర్ ఫారూఖీ అనే కుర్రాడు జోకులు చెప్పబోయి అరెస్టయ్యాడు. సుప్రీంకోర్టు మధ్యంతర జామీను ఇచ్చేదాకా నెల రోజులకు పైగా జైల్లో ఉన్నాడు. 2022 ఆగస్టులో అతను హైదరాబాదు శిల్పకళావేదికలో ప్రదర్శన ఇస్తే, అడ్డుకుంటామన్న బెదిరింపుల మధ్య పోలీసుల్ని మోహరించాల్సి వచ్చింది. వ్యంగ్యం రాయమని మాకు సలహా ఇచ్చే పెద్దలు ఆ జామీను కాగితం మీద కూడా సంతకం పెడతారా?

ఉర్దూలో నవ్వించడమే వృత్తిగా బతికిన ముజ్తబా హుసేన్ సంగతి తెలుగు పాఠకులకు అంతగా తెలియదు. 1962 నుంచి 'సియాసత్'లో హాస్య వ్యాసాలు రాశాడు. 2007లో పద్మశ్రీ అందుకున్నాడు. 2019 డిసెంబర్‌లో, ఎనభై మూడేళ్ళ వయసులో, దేశం తీరు చూసి దాన్ని వాపసు ఇస్తానని ప్రకటించాడు. మరుసటి మే నెలలో పోయాడు. ఆ ప్రకటనలో ఆయన ఎవరినీ నవ్వించే ప్రయత్నం చేయలేదు.

మావాళ్ళకూ ఒక మాట. ముల్లాను చూసి నవ్వే కథ రాస్తే, దర్గా కమిటీ లెక్కల మీద ఎకసెక్కెం ఆడితే, 'ఇప్పుడా, బయటివాళ్ళు వినే వేళా?' అని మన పెద్దలే చెయ్యి పట్టుకుంటున్నారు. వక్ఫు భూముల్ని తిన్నవాళ్ళ మీద, కూతురికి వాటా ఎగ్గొట్టిన హాజీ మీద, దూదేకుల సంబంధం అనగానే మొహం చిట్లించే సయ్యద్ మీద రాయాల్సిన హాస్యం బోలెడుంది. ఆడపిల్లలు రాయడం మొదలుపెట్టారు కూడా. వాళ్ళ చెయ్యి వదలండి. శిల్పం సంగతి ఆ కథలు అచ్చయ్యాక మాట్లాడుకుందాం.