లెక్కకెక్కని ఆటగాళ్లు

క్రికెట్ పిచ్చి ఉన్న దేశంలో పుట్టాం, బేస్‌బాల్ గొడవ మనకెందుకంటారేమో. నేను చెప్పబోయేది ఆట గురించి కాదు, లెక్క గురించి.

అమెరికాలో పిట్స్‌బర్గ్ పక్కన హోంస్టెడ్ అనే ఒకప్పటి ఉక్కు కార్ఖానాల ఊరుంది. అక్కడి నల్లజాతి కార్మికులు మొదలుపెట్టిన జట్టే 1912లో 'హోంస్టెడ్ గ్రేస్' అయింది. తెల్లవాళ్ల లీగుల్లో వీళ్లకు చోటు లేదు. అలాగని కాగితం మీద నిషేధమేమీ లేదు; అంతా యజమానుల నోటిమాట కట్టుబాటు! 'నీగ్రో లీగు'ల్లోనే ఆడి 1943, 1944, 1948లలో వరల్డ్ సిరీస్ గెలిచారు.

1947 ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్‌తో తలుపు తెరుచుకుంది. గ్రేస్ మేటి బ్యాట్స్‌మన్ జోష్ గిబ్సన్ అంతకు మూడు నెలల ముందే 35వ ఏట కన్నుమూశాడు. అతని జోడీ బక్ లెనార్డ్‌కు నలభై దగ్గరపడ్డాయి. ప్రేక్షకులు రాబిన్సన్ వెంట వెళ్లిపోయారు. 1950 ఆటల తర్వాత జట్టే లేకుండా పోయింది.

2024లో ఆ పాత స్కోర్లను ప్రధాన రికార్డుల్లో కలిపారు. సగటులో అందరికన్నా పైన తేలిన పేరు గిబ్సన్‌దే: వెయ్యికి 372 హిట్లు!

పైరు ఎండాక కురిసిన వాన అని కొందరు పెదవి విరుస్తారు. నేనొప్పుకోను. ఈ లెక్క గిబ్సన్‌కు చేరదు, నిజమే. కానీ ఇన్నాళ్లూ ఉత్తములంతా తమ లీగుల్లోనే ఉన్నారని చెప్పుకున్న అబద్ధాన్ని దిద్దింది. సైన్సు విద్యార్థిగా నాకు తెలిసిందొకటే: సగం కొలతలు పారేసి తీసిన సగటు, సగటే కాదు.