కళకు యంత్రము పెట్టిన కొలతలు

కళలను బోధించు మన విద్యాలయములలో యంత్రమునకు చోటు లేదు. యంత్రవిద్యను గరపు కళాశాలలలో వార్షికోత్సవపు సాయంత్రము దక్క కళతో పని లేదు. ఈ రెంటి నడుమనున్న సంబంధమును శాస్త్రీయముగా పరిశీలింపవలెనన్నచో, అది పాశ్చాత్యులు తీరుబడిగా చేసికొను చర్చ యనియు, కంప్యూటరుతోపాటు పుట్టిన వ్యామోహమనియు పెక్కుమంది పెద్దలు తలపోయుచున్నారు. మన పద్యనాటకముల, గ్రామఫోను ప్లేట్ల చరిత్రను ఒక్కమారు తిరుగవేసి చూచినచో ఈ తలంపు నిలువదు.

1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గాయని గౌహర్ జాన్ గానమును రికార్డు చేసినప్పుడు, పాట ముగియగానే ఆమె తన పేరును ఇంగ్లీషులో తానే ప్రకటించినది. ప్లేట్లను ఒత్తునది జర్మనీలోని హానోవరులో గనుక, అచ్చటి పనివారు గాయని యెవరో గుర్తించుటకై చేసిన ఏర్పాటది. కర్మాగారపు అవసరము గానమునకు తోకయై అంటుకొన్నది.

కాలపరిమితి తెచ్చిన మార్పు ఇంతకంటె గాఢమైనది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పదియంగుళముల ప్లేటు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములు పలుకును. మన రంగస్థలముపైననో, తిరుపతి వేంకటకవుల పద్యమును ఎత్తుకొన్న నటుడు తుదిపాదమున రాగమునెంతసేపు సాగదీయునో ఆతనికే యెరుక. సభవారు 'వన్స్ మోర్' అన్నచో, కౌరవసభలో రాయబారము నడపుచున్న శ్రీకృష్ణుడైనను మరల మొదటినుండి అందుకొనవలసినదే. అట్టి పద్యము ప్లేటుకెక్కునప్పటికి ఆలాపన కురుచయై, సంగతులు ఏరికూర్చబడి, యెన్నిమారులు విన్నను మారని రూపమొకటి స్థిరపడినది. నాటకము నెన్నడును చూడనివారు సైతము ఆ రూపమునే పద్యమని నమ్మి అభ్యసించిరి.

1925లో విద్యుద్రికార్డింగు వచ్చుటకు ముందు గాయకుడు గొట్టమున కెదురుగా నిలిచి గొంతెత్తి పాడవలసియుండెను. పందిరి చివరివరుసకు వినిపించు నాటకపు కంఠములకు అది తగినదే. మైక్రోఫోను వచ్చిన పిమ్మట గుసగుసకు సైతము గౌరవము కలిగినది. కరుణశ్రీ 'పుష్పవిలాపము'ను ఘంటసాల పాడిన తీరులోని మార్దవము ఆ గొట్టమునకు అందునది కాదు. ఇది ఘంటసాల ప్రతిభను తక్కువచేయుట కాదు. ఆ ప్రతిభ ఏ సాధనమును ఎట్లు వశపరచుకొన్నదో తెలిసికొనుట. ఆయన చివరికాలమున గానము చేసిన భగవద్గీత, ప్రక్కకు ఇరువది నిమిషములు పలుకు లాంగ్‌ప్లే రికార్డు లేనిచో, తాత్పర్యములతో కూడి అంత తీరుబడిగా సాగెడిదా?

గిన్నె మారినంతమాత్రమున పాయసపు రుచి మారునా యని యడుగువారు కలరు. కళాయి లేని ఇత్తడిగిన్నెలో పులుసు కాచినవారు ఆ ప్రశ్న వేయరు.

నేటి సాధనము చేతిలోని సెల్‌ఫోను. దాని నిలువుచట్రములో ఇరుప్రక్కలకు విస్తరించు కూచిపూడి నర్తకి అడుగులు ఇమడవు. మొదటి కొన్ని క్షణములలో చూపరిని పట్టనిచో వ్రేలు తరువాతి రీలుపైకి పోవును గనుక, పాటయు ఉపోద్ఘాతమును వీడి నేరుగా పల్లవిపై దుముకుచున్నది. ఇందు నన్ను కలవరపెట్టునది కురుచదనము కాదు. నాలుగు పాదములలో లోకమును నిలిపిన జాతికి సంక్షేపము కొత్త కాదు. గ్రామఫోను పెట్టిన కొలత గాయకునికి ముందే తెలియును. నేడు ఏ నాట్యము పదిమందికి చేరవలెనో, ఏది మరుగున పడవలెనో నిర్ణయించు అల్గారిథము లెక్క మాత్రము కళాకారునికి గోచరింపదు. తెలియని నియమమునకు తలయొగ్గి కళను మలచుకొనుట మన కళాకారులకు ఇదివరకెన్నడును లేని అవస్థ. దీనిని కేవలము సాంకేతికుల విషయమని కళావిమర్శకులు విడిచిపెట్టుట బాధ్యతారాహిత్యము.

కావున తెలుగునాటి విశ్వవిద్యాలయములు సంగీత, నాట్య, చిత్రకళాశాఖలలో కళకును యంత్రమునకును గల సంబంధపు అధ్యయనమునకు స్థానము కల్పింపవలెను. దానిని గాయకుడును ఇంజనీరును ఒకే గదిలో కూర్చుండి బోధింపవలెను. పాతరికార్డులను ప్రేమతో కూడబెట్టిన వారింట అటకలపై నున్న ప్లేట్లను, వాటిని పలికించు యంత్రములతో సహా, ఆ శాఖలు ముందుగా సేకరింపవలెను. లక్క ప్లేటు పెళుసు. ఒకమారు పగిలినచో అతుకదు.